అద్దం మేస్త్రీ కుడిచెయ్యి

ప్లాస్టరింగ్ చేసిన గోడ మీద చెయ్యి వేస్తే గాజు మీద వేసినట్టు జారాలి. లేకపోతే ఆ పూట అతనికి అన్నం సయించేది కాదు. అందుకే అందరూ అద్దం మేస్త్రీ అనేవారు. అసలు పేరు ఇంట్లోవాళ్లకే ఠక్కున గుర్తొచ్చేది కాదు. సిమెంటు మాలు కలిపి అందించేది భార్య. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇద్దరిదీ ఒకటే జట్టు, పోట్లాటలు కూడా గోడల ముందే.

ఒకనాడు పరంజా కర్ర విరిగి మేస్త్రీ కిందపడ్డాడు. కుడి ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. ఎముకల డాక్టరు ఆపరేషన్ చేసి, విరిగినచోట రేకులు పెట్టి మరలు బిగించాడు. మత్తు దిగేదాకా ఎవరి చెయ్యో తెచ్చి పక్కన పడుకోబెట్టినట్టుంది అతనికి. మత్తు దిగాక నొప్పి తెలిసింది గానీ, మనసు మాత్రం మొద్దుబారినట్టే ఉండిపోయింది. ఎవరు పలకరించినా "ఆ, బానే ఉంది" అనేవాడు, కిటికీ పక్క గోడలో పగులు చూస్తూ.

"రేపట్నుంచే అరచెయ్యి పైకీ కిందకీ తిప్పుతుండాలి," అంది ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి.

మేస్త్రీ తలూపాడు. ఊపితే ఏం పోయింది! కొత్తగా పోసిన శ్లాబు మీద పిల్లి నడిచినా ఊరుకోని మనిషి. పచ్చి పనిని కదిలిస్తే పగులుతుంది, ఎముకైనా అంతే అనుకున్నాడు. ఈ ఒక్క విషయంలో మొగుడూ పెళ్లాలకి ఎన్నడూ లేని ఏకాభిప్రాయం కుదిరింది. ఆమె అతని చేతిని పాత చీరముక్కతో ఛాతీకి కట్టేసింది. అన్నం తనే కలిపి పెట్టింది. ఆ అమ్మాయి ఫోన్ చేస్తే "చేస్తున్నాడమ్మా, బ్రహ్మాండంగా చేస్తున్నాడు" అని నిక్షేపంలాంటి అబద్ధం చెప్పింది. అతను మళ్లీ తాపీ పట్టాలి, అందుకు ఎముక గట్టిపడాలి. ఇద్దరికీ అంతకుమించి ఆలోచన లేదు.

ఎముక గట్టిపడింది. ఎక్స్‌రే చూసి డాక్టరు మురిసిపోయాడు.

"చక్కగా అతుక్కుంది. ఏదీ, అరచెయ్యి పైకి తిప్పండి."

మేస్త్రీ మోచెయ్యి ఎత్తాడు, భుజం వంచాడు. ఒళ్లంతా తిరిగింది గానీ అరచెయ్యి తిరగలేదు.

"ఇన్నాళ్లూ కదపలేదా?"

"పచ్చి పని కదా సార్, కదిపితే పగులుతుందని..."

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అది సిమెంటు కాదు మేస్త్రీ. ఎముకని రేకులు పట్టి ఉంచుతాయి. కదపకపోతే చుట్టూ ఉన్నదంతా బిగుసుకుపోతుంది. ఇప్పుడు మొదలెట్టినా కొంత వస్తుంది. పూర్తిగా రాకపోవచ్చు."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. తిడదామంటే ఎవర్నని తిట్టాలి? బస్సులో అతను టికెట్టు ఎడంచేత్తో అందుకున్నాడు.

ఆ తర్వాత బుద్ధిగా తిప్పాడు. గ్లాసు పట్టుకునేంత, చొక్కా గుండీలు పెట్టుకునేంత వచ్చింది. ఇక చాల్లే అనుకుని ఇద్దరూ పనికి వెళ్లారు. తాపీతో మాలు తీసి, మణికట్టు విదిలించి గోడకి కొట్టాలి. కొట్టాడు. మాలు జారి పాదాల మీద పడింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ పడింది. కాంట్రాక్టరు మంచివాడు, ఫోన్ వచ్చినట్టు నటించి అవతలికి వెళ్లాడు. మేస్త్రీకి సిగ్గు వేయలేదు, కోపమూ రాలేదు. మాలు చల్లగా ఉందనుకున్నాడు, అంతే.

భార్య అతని చేతిలోంచి తాపీ తీసుకుంది. తనే కొట్టింది. సగం నిలిచింది, సగం రాలింది. ఇంకోసారి కొట్టబోయి, గోడవైపే తిరిగి ఏడ్చేసింది.

"నేనే కదయ్యా... కట్టిపడేసి నీ చెయ్యి నేనే పోగొట్టాను."

అతను ఎడంచేత్తో మాలున్న గమేళా తట్ట లేపి ఆమెకి అందేచోట పెట్టాడు.

"తాపీ అంత నిటారుగా పట్టకు," అన్నాడు. "కాస్త వాల్చు. మణికట్టు తిప్పాలి."