కుంకుడు రసంలో అడ్డిగ

మా అత్తగారి మెడ నుంచి నా మెడకు వచ్చిన కెంపుల అడ్డిగను మా వంశంలో ప్రతి పెళ్లికూతురూ పెట్టుకుంది. ఎవరడిగినా కాదనలేదు. ఇచ్చేటప్పుడు మాత్రం పద్నాలుగు రాళ్లూ వాళ్ల ఎదుటే లెక్కపెట్టి ఇస్తాను. తిరిగి వచ్చాక మళ్లీ లెక్కపెట్టి తీసుకుంటాను. లెక్క సరిగ్గా ఉంటే మాట రాదని నా నమ్మకం.

వైశాఖంలో, బేతంచెర్లలో ఉండే మా తోడికోడలు తన చిన్నకూతురి పెళ్లికి అడిగితే ఇచ్చాను. పెళ్లయిన వారంలోపే పిల్ల అత్తగారింట్లో ముసలామె పోయింది. నగ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. మైల తీరాక తోడికోడలే తెచ్చింది. లెక్క సరిపోయింది. కానీ చావింటి నుంచి వచ్చిన నగను అలాగే తీసుకెళ్లి దేవుడి గదిలోని పెట్టెలో పెట్టడం మా ఇంట్లో లేదు. ఆమె చూస్తుండగానే పొగలు కక్కే కుంకుడు రసంలో ఇంత పసుపు కలిపి అడ్డిగను ముంచాను.

"మేమంత మురికోళ్లమా అక్కా?" అని నవ్వింది.

"మురికి కాదుమ్మే, మైల," అన్నాను.

పొద్దున తీసి తుడిస్తే నడిమి రాయి నల్లబడి ఉంది. మిగతావి పండుమిరప రంగులో వెలుగుతుంటే అదొక్కటే కాలిన ఇటుకలా ఉంది. వెంటనే ఫోన్ చేసి, నడిమి రాయి మారిందన్నాను.

"మారడమేంది? నీ చేతుల్తోనే లెక్కపెట్టుకుంటివి గదా!"

"లెక్కకు ఉండాయి. కానీ ఇది మన రాయి కాదు."

"అంటే నా బిడ్డ అత్తగారోళ్లు మార్చినారంటావా?"

"నేను వాళ్ల పేరెత్తినానా?"

"మధ్యలో ఇంగెవరుండారు? ఈ మాట ఆ ఇంటికి చేరితే నా బిడ్డ ఆడ ఎట్ల బతకాల? పదక్కా, కర్నూలుకు పోదాం. ఈ పొద్దే తేలిపోవాల."

కర్నూలులో రాళ్లు పరీక్షించే అంగడిలో ఒక అమ్మాయి అడ్డిగను భూతద్దంతో చూసి, తర్వాత యంత్రం కింద పెట్టి చూసింది.

"ఇవి కెంపులు కావమ్మా."

తోడికోడలి ముఖం పాలిపోయింది. నేను ఆమె వైపు తిరిగి, చూశావా అన్నట్టు తల ఊపాను. ఆ తల ఊపు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"ఏది, నడిమిదా?" అన్నాను.

"అన్నీ. వీటిని స్పినెల్ అంటారు. దొంగ రాళ్లు కావు, భూమిలో పుట్టినవే. వెనకటికి ఎర్రగా ఉండేవన్నీ కెంపులనే అమ్మేవాళ్లు. పద్నాలుగూ ఒకటే రకం, ఏదీ మార్చలేదు."

"మరి ఇది నల్లబడిందే?"

ఆమె నగను తిరగేసింది. వెనుక బంగారపు మూత ఉంది. మెరుపు కోసం రాయికీ మూతకూ మధ్య పలచటి రేకు పెట్టి లక్కతో బిగించారట. "సందులో నీళ్లు దూరి రేకు నల్లబడింది. రాయికేమీ కాలేదు. వేడినీళ్లలో ఏమైనా నానబెట్టినారా?"

నేను నగను తీసుకోవడానికి చెయ్యి చాపాను.

"కుంకుడు రసంలో తల్లీ, రాత్రంతా," అంది తోడికోడలు. "మా మైల పోవాలని. ఎట్ల కడగాల్నో మా అక్కకు గట్టిగా చెప్పు."

ఆ అమ్మాయి పాపం ఓపిగ్గా చెప్పింది. వెనుక మూత లేని నగైతే స్పినెల్‌ను గోరువెచ్చని సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడగవచ్చు. మూత ఉన్నదాన్ని ముంచకూడదు. కాస్త తడి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి. వజ్రం దీన్ని గీస్తుంది కాబట్టి రవ్వల కమ్మలతో కలిపి పెట్టకూడదు. నేను తల వంచుకుని విన్నాను.

బయటికి వచ్చాక, "నేనన్న మాట పిల్లకు తెలుసా?" అని అడిగాను.

"చెప్పలేదులే. ఏమని చెప్పాల?" అని ఆమె బేతంచెర్ల బస్సెక్కింది.

ఆ రేకు మార్పించాను. శ్రావణంలో ఆమె పెద్దకూతురి బిడ్డకు ఓణీ వేస్తున్నారని తెలిసి, అడగకుండానే అడ్డిగ తీసుకుని వెళ్లాను. లెక్కపెట్టకుండా మూట ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని విప్పి, కూతుళ్లిద్దరి ముందూ ఒక్కో రాయి మీద వేలు పెట్టి పైకి లెక్కపెట్టింది. మళ్లీ గుడ్డలో చుట్టి నా ఒళ్లో ఉంచింది.

"పద్నాలుగు ఉండాయక్కా. జాగ్రత్తగా తీసుకొని పో."