ముసుగాయన మంచోడు

ఆ రోజుల్లో మా మిరప కళ్లాల్లో మొహం చూసి మనిషిని పోల్చుకునేవాళ్లు కాదు. అసలు మొహం కనపడితే కదా! ముక్కూ నోరూ మూసి గుడ్డ కట్టుకుంటే మిగిలేవి రెండు కళ్లు. అవి కూడా ఘాటుకి ఎర్రబడి అందరివీ ఒకేలా ఉండేవి. ఎవరు ఎవరన్నది దగ్గుని బట్టి తెలిసేది. మా మేస్త్రమ్మ దగ్గితే డప్పు మీద దెబ్బ వేసినట్టుండేది. మా ఆయన దగ్గు లారీ స్టార్టు కానని మొండికేసినట్టుండేది. నా సంగతి వేరు, నాకు గొంతే అలాంటిది. పుట్టుకతోనే బొంగురు, దాని మీద మిరప ఘాటు పడి, రంపంతో మొద్దు కోసినట్టు తయారైంది. ఇప్పటికీ ఎవరన్నా ఫోన్ చేసి నా గొంతు వింటే "అన్నయ్యా, వదిన లేదా?" అని అడుగుతారు. (వదిన ఉంది నాయనా, అన్నయ్యే లేడు అంటాను. వాళ్లకి అర్థం కాక పెట్టేస్తారు.)

మా ఆయన పోయాక ఇంట్లో ఆ దగ్గు వినపడక నాకు నిద్ర పట్టేది కాదు. పగలు ఎలాగో గడిచేది. సాయంత్రం అయ్యేసరికి మా ఊరి పక్కన హైవే మీద చిలకలూరిపేట వైపు పోయే లారీల మోత వింటూ అరుగు మీద కూర్చునేదాన్ని. అది చూడలేక పక్కింటి టీచరమ్మ పలకా బలపం తెచ్చి నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. ఈ వయసులో నాకు చదువేమిటని నేను ముందు నవ్వాను. తర్వాత ఆ పిల్ల వచ్చే వేళకి మొహం కడుక్కుని కూర్చోవడం మొదలుపెట్టాను. కూడబలుక్కుని చదవడం వచ్చాక ఒకరోజు "నీకిష్టమైన పుస్తకం ఏదన్నా తెచ్చుకో పిన్నీ, అదే చదువుదువు గాని" అంది. నాకు పుస్తకాలెక్కడివి? ఆ మాట అనబోయి ఆగాను. అటక మీద గోతంలో మా ఆయన కట్టిపెట్టిన బొమ్మల పుస్తకాలు గుర్తొచ్చాయి. దింపి మూట విప్పేసరికి ఇద్దరం కలిసి తుమ్మాం. అంత పాత మిరప ఘాటు అందులో ఇంకా బతికే ఉంది.

అవి శుక్రవీరుడి పుస్తకాలు. శుక్ర గ్రహం నుంచి దోసెల పెనం లాంటి బండిలో దిగి, మన భూమిని కాపాడే వీరుడి కథ. చాలావాటికి అట్టలు లేవు. మా ఆయన గుంటూరు యార్డుకి సరుకుతో పోయినప్పుడల్లా బ్రాడీపేటలో పాత పుస్తకాలు పరుచుకునే మనిషి దగ్గర ఏరుకొచ్చేవాడు. "చదివి ఎలా ఉన్నాయో చెప్పు పిన్నీ, నేను రాస్తా. దాన్ని సమీక్ష అంటారు" అంది టీచరమ్మ. "అంటే ఏం చెయ్యాలమ్మాయ్?" అన్నాను. "మంచీ చెడూ ఏరాలి" అంది. ఏరడం నాకు కొత్తా? జీవితమంతా ఎర్రకాయ ఒకవైపు, తెల్లబడిన తాలు కాయ ఒకవైపు ఏరిన చేతులివి. సరే, రాసుకో అన్నాను.

ముందు తాలు సంగతి చెబుతా. రంగులు బొత్తిగా బాగాలేవు. ఎరుపు గీత దాటి చెంపల మీదికి పోయి, భూమి మీద మనుషులంతా తాంబూలం వేసుకుని తుడుచుకోవడం మర్చిపోయినట్టున్నారు. వీరుడు ఎప్పుడు చూసినా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతాడు, ఒక్క పని చేసిన పాపాన పోడు. ఇక మంచి సంగతి. ముందు ముందు కాలంలో జనం అన్నం వండుకోరట, ఒక మాత్ర మింగితే కడుపు నిండిపోతుందట. అప్పట్లో ఇది విని ఇదేం బతుకని నవ్వాను. ఒక్కదానికి వండుకోవడం మొదలయ్యాక ఆ మాత్ర మీద నాకు గౌరవం పెరిగింది. మొహాలు కనపడే ఫోన్ గురించి కూడా రాశారు. అది నిజంగానే వచ్చింది. ఆ రాసినాయన ఎవరో, చూడాలనుకున్న మొహం కూడా కనపడేట్టు రాస్తే ఇంకా బాగుండేది.

ఇంతకీ ఆ పుస్తకాలతో నా సంబంధం చదవడంతో మొదలవ్వలేదు. కొత్తగా కాపరానికి వచ్చిన రోజులవి. మాది ఒంగోలు అవతల ఊరు, ఇక్కడ నాకు ఎవరూ తెలియదు. కళ్లంలో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తొడిమలు తీసేవాళ్లు. కొత్తదాన్ని కాబట్టి మేస్త్రమ్మ నన్ను తీసుకెళ్లి దూరంగా తాలు కుప్ప దగ్గర కూర్చోబెట్టింది. అక్కడ నేనూ, తాలూ, ఒక కాకీ. మాట్లాడబోతే "అమ్మో, మగగొంతు!" అని నవ్వేవాళ్లు. దాంతో మాట్లాడటం మానేశాను. ఇంటికొచ్చినా నోరు తెరవబుద్ధయ్యేది కాదు. మా ఆయన అప్పుడు అదే కళ్లంలో కాటా దగ్గర పనిచేసేవాడు. దూరం నుంచి చూసేవాడు గాని ఏమీ అనేవాడు కాదు.

ఒకరోజు అన్నం మూటలో ఆయన పుస్తకం ఒకటి పొరపాటున వచ్చేసింది. నాకు అక్షరం రాదు, బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. ఊరంతా ఎర్రటి పొగ. జనం కళ్లు నలుపుకుంటూ, దగ్గుతూ పరిగెడుతున్నారు. ఆ పొగలో ఒకే ఒక్కడు మొహానికి గుడ్డ కట్టుకుని నిమ్మళంగా ఏదో మిషను తిప్పుతున్నాడు. అవతల మిద్దె మీద ఇంకొకడు తళతళలాడే బట్టలేసుకుని, మొహానికి ఏమీ లేకుండా, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. ఇందులో తెలుసుకోవడానికి ఏముంది? గుడ్డ కట్టుకున్నవాడు పనిచేసేవాడు, మన మనిషి. తళుకు బట్టలవాడు షావుకారు. నీళ్లకి వచ్చిన మేస్త్రమ్మ వంగి చూసి "ఏంటే బొంగురూ, ఏం చూస్తున్నావ్?" అంది. నేను చెప్పుకుంటూ పోయాను. ముసుగాయన ఊళ్లో ఘాటంతా పీల్చేసే మిషను పెట్టాడనీ, కూలివాళ్లు సుఖపడితే తన మాట వినరని తళుకోడు దాన్ని విరగ్గొట్టడానికి వచ్చాడనీ చెప్పాను. ముసుగాయన మాటలు నా గొంతుకి అతికినట్టు సరిపోయాయి. మేస్త్రమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఇక్కడ కాదు, అందరి మధ్యకి వచ్చి చెప్పు" అంది.

ఆ రోజు నుంచి నేను వలయం మధ్యలో కూర్చున్నాను. రోజుకో బొమ్మ చెప్పేదాన్ని. కథ వింటూ ఉంటే తొడిమలు తెలియకుండా ఊడిపోయేవి. తళుకోడు మేడ కూలగొడితే "వాడి చేతులు పడిపోను!" అని తిట్టేవాళ్లు. ముసుగాయనకి దెబ్బ తగిలితే ముక్కు చీదేవాళ్లు (అందులో మిరప వాటా కూడా ఉందనుకోండి). నా గొంతు విని నవ్వినవాళ్లే "దగ్గకుండా చెప్పవే" అని బెల్లం ముక్క పెట్టేవాళ్లు.

అంతా బాగుందనుకుంటూ ఉండగా చిలకలూరిపేట నుంచి వచ్చిన ఒక కోడలు పిల్ల మంట పెట్టింది. "ఇదంతా అబద్ధం. మా మరిది ఈ పుస్తకం చదివాడంట. ముసుగోడే దుర్మార్గుడంట, ఆ పొగ వదిలింది వాడేనంట!" అంది. తొడిమలు తీసే చేతులన్నీ ఆగాయి. మేస్త్రమ్మ గుడ్డ కిందికి లాగి నా వైపు చూసింది. "ఏమే, ఇన్నాళ్లూ మా చెవుల్లో పూలు పెట్టావా? మొగుడు చదువుకున్నవాడేగా, వాణ్ణే పిలుద్దాం. నువ్వు చెప్పింది కాదని తేలితే మళ్లీ తాలు కుప్పే నీకు" అంది. నాకు భయమేసింది. కథ తప్పవుతుందని కాదు, ఆ కుప్ప దగ్గర ఆ కాకితో మళ్లీ కూర్చోవాలంటేనే.

అన్నాల వేళ ఎత్తుగా పేర్చిన బస్తాల నెట్టు నీడలో పంచాయితీ పెట్టారు. మా ఆయన చెవి మీద పెన్సిలుతో వచ్చాడు.

"తీరిక లేదు పిన్నీ, లారీ వచ్చి ఉంది" అన్నాడు.

"లారీ ఎక్కడికీ పోదురా అబ్బాయ్. ఇది తేలకపోతే మాకు ముద్ద దిగదు. ఉన్నది ఉన్నట్టు చదువు" అంది మేస్త్రమ్మ.

ఆయన పుస్తకం తీసుకున్నాడు. ఒక పేజీ చూశాడు, ఇంకోటి తిప్పాడు. తర్వాత నా వైపు చూశాడు. గుడ్డ పైన నా కళ్లే కనపడి ఉంటాయి. గొంతు సవరించుకుని, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివాడు: "ఓ ప్రజలారా, భయపడకండి! నేను మొహానికి గుడ్డ కట్టుకున్నది దాక్కోవడానికి కాదు, మీ ఘాటు నేను మింగడానికి! ఓరి తళుకు బట్టలవాడా, నడుం మీద చేతులు తీసి ఒక్క బస్తా ఎత్తి చూపించు!"

వలయం అంతా ఈలలు, కేకలు. పేట కోడలు లేచి నిలబడింది. "మా మరిది అలా చెప్పలా!" అంది.

"మీ మరిది ఏ క్లాసు చదివాడమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఆరు తప్పాడు."

"అదీ సంగతి. ఇది ఏడు పాసైనవాళ్ల పుస్తకం."

నవ్వి నవ్వి మేస్త్రమ్మకి పొలమారింది. నేను మాత్రం నవ్వలేదు, గర్వంతో బిగుసుకుపోయాను. అక్షరం రాకపోయినా బొమ్మ చూసి కథ పట్టేశానంటే నా అంత తెలివైనది ఈ కళ్లంలో లేదనుకున్నాను. ఆ రోజుల్లోనే కాదు, మొన్నమొన్నటి దాకా అలాగే అనుకున్నాను.

తర్వాత ఎన్ని పుస్తకాలు తెచ్చినా సాయంత్రం అన్నం తిన్నాక ఆయన చదవడం, మర్నాడు నేను కళ్లంలో చెప్పడం. ఒక్కోసారి చివరి బొమ్మలో జనం తళుకోడికి దండ వేస్తూ ఉండేవాళ్లు. "అదేంటయ్యా, వాడికెందుకు దండ?" అని అడిగితే కాసేపు ఆలోచించేవాడు. "పొరపాటున వేశారే, వచ్చే పుస్తకంలో తీసేస్తారు" అనేవాడు. పోలీసులు ముసుగాయన్ని తీసుకెళుతుంటే "సన్మానానికి తీసుకెళుతున్నారు" అనేవాడు. చేతులకి బేడీలెందుకంటే "అవి శుక్ర గ్రహం కడియాలు" అనేవాడు. చదువుతున్నంతసేపూ పుస్తకం ముక్కుకి ఆనించుకునేవాడు, భుజాలు అదిరేవి. పాపం చూపు తగ్గిందేమోనని బ్రాడీపేట కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. "ఈయన కళ్లకేమమ్మా, గద్ద కళ్లు" అన్నాడు డాక్టరు.

ఇక మొన్నటి సంగతి. అరుగు మీద కూర్చుని మొదటి పుస్తకం తెరిచి, ముసుగాయన బొమ్మ పక్కనున్న అక్షరాల మీద వేలు పెట్టాను.

"అమ్మాయ్, ఇది 'దు' కదా?"

"అవును పిన్నీ. దుర్మార్గుడు."

"అచ్చు తప్పేమో చూడు."

తర్వాతి పేజీలో 'విషవాయువు వదిలిన ద్రోహి' అని ఉంది. అదీ అచ్చు తప్పేనన్నాను. నాలుగు పుస్తకాలు తిరగేశాక "అన్నిట్లోనూ ఒకే తప్పు పడుతుందా పిన్నీ?" అని టీచరమ్మ నవ్వింది. నా మొహం చూసి నవ్వాపేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతకాలం నన్ను వెర్రిదాన్ని చేశాడా అని గిరుక్కున లోపలి గది వైపు తిరిగి "ఏమయ్యా!" అని కేకేశాను. నా గొంతు సంగతి తెలుసుగా, వీధి వీధంతా వినపడి ఉంటుంది. లోపల్నుంచి దగ్గు రాలేదు. హైవే మీద లారీ ఒకటి పోయింది. మొగుడు పోయిన బాధ ఏడ్చి తీర్చుకోవచ్చు గాని, మొగుడితో పడాల్సిన పోట్లాట మిగిలిపోతే దాన్ని ఎక్కడ తీర్చుకోవాలి?

కోపం చల్లారాక ఒక్కో పుస్తకం కూడబలుక్కుంటుంటే నవ్వొచ్చింది. ఎంత చాకిరీ చేశాడు! ప్రతి పుస్తకంలోనూ గెలిచినవాణ్ణి ఓడించాలి, ఓడినవాణ్ణి గెలిపించాలి, కిందటిసారి చెప్పింది ఈసారి తప్పకూడదు. బస్తాలు మోసి వచ్చిన మనిషి ఇదంతా ఎందుకు మోశాడో నాకు తెలుసు. తాలు కుప్ప దగ్గర నేను ఎలా కూర్చునేదాన్నో కాటా దగ్గర్నుంచి చూసినవాడు ఆయనొక్కడే. ఇప్పుడీ ఇల్లు కూడా నాకు అలాంటి కుప్పే. కాకి కూడా వస్తుంది, పొద్దున్నే.

చివరి పుస్తకం అన్నిటికంటే బాగుంది. ఇది ఎర్రకాయలో కూడా మేలు రకమని రాసుకో అమ్మాయ్. అందులో ముసుగాయన్ని రాకెట్టులో ఒంటరిగా ఎక్కించి చుక్కల్లోకి పంపేస్తారు. మా ఆయన అది చదివి వినిపించిన సాయంత్రం నేను "మళ్లీ ఎప్పుడొస్తాడయ్యా?" అని అడిగాను. "పంట చేతికొచ్చే వేళకి వస్తాడే" అన్నాడు. ఏటా పంట వచ్చేది. ఏటా అడిగేదాన్ని. పుస్తకం ఇంకా బ్రాడీపేటకి రాలేదనేవాడు.

నిన్న ఆ ఆఖరి పేజీ తెరిచాను. కింద 'ఇక ఎన్నటికీ తిరిగి రాడు' అని ఉంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ వెళ్లాను. ఒక్కటీ తప్పకుండా అన్నీ గుర్తుపట్టాను. గుర్తుపట్టి, ఉన్న గొంతంతా పెట్టి, "పంట చేతికొచ్చే వేళకి వస్తాడు" అని చదివాను.

"పిన్నీ, అక్కడ అలా లేదు" అంది టీచరమ్మ మెల్లగా.

"నువ్వు ఏ క్లాసు చదివావమ్మాయ్?" అన్నాను.

ఆ పిల్ల పకపకా నవ్వింది. నేను పుస్తకం ముక్కుకి ఆనించుకున్నాను. భుజాలు అదురుతూనే ఉన్నాయి.