పలకలు ఆగిన గట్టు

ఉదయం ఏడుంపావుకు నేలపట్టు పక్షుల చెరువు దగ్గర టీ తాగుతుంటే చావుకు కొట్టే పలక డప్పుల మోత వినిపించింది. చనిపోయిన ఒక పెద్దాయనను ఊరివాళ్ళు పాడె మీద మోసుకొస్తున్నారు. అమ్మ పోయిన రెండు నెలలకు, ఇంట్లో ఉండలేక, ఒక్క పూటకని చిత్తూరు నుంచి వచ్చాను. అమ్మనూ పలకలతోనే సాగనంపాం.

చెరువు గట్టు ఎక్కేముందు, నిప్పుకుండ పట్టుకున్న కొడుకు చెయ్యెత్తి పలకలు ఆపించాడు. పొరుగూరి నుంచి వచ్చిన మేనమామ మండిపడ్డాడు.

“ఏందిరా అల్లుడా, మా బావను దొంగసొమ్ము మాదిరి మోసుకుపోవాల్నా? నలుగురూ నవ్వరా?”

“నవ్వనీలే మామా. గూడబాతులు పిల్లల్తో ఉండాయి. మోతకు తల్లులు బెదిరి లేస్తే పిల్లలు గూట్లోంచి పడిపోతాయి. నాయనకు పలకలంటే ప్రాణమని నాకు తెలీదా?”

మామ ముందుకొచ్చాడు. పాడెకు తనే భుజం పట్టాడు.

అందరూ మాటల్లేకుండా గట్టు మీద నడిచారు. వాళ్ళ తలల మీదుగా వందల గూడబాతులు పులికాట్ వైపు నుంచి వచ్చి, నీళ్ళలోని చెట్ల మీద దిగుతున్నాయి. ఒక్కటీ బెదరలేదు. ఒక్కొక్క రెక్క విప్పిన చప్పుడూ వినిపించింది. నేను టీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను.

“ముందు ఈడ కూడా కొట్టేటోళ్ళే సార్,” అంది టీ అంగడామె.

గూళ్ళలో పిల్లలున్న నెలల్లో ఆ గట్టు మీద ఇప్పుడు చావుకు కూడా పలకలు కొట్టరు.