మూత మీద కూర్చున్నాను

ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నాకే జరిగింది. తినే అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కలపలేదు.

నల్లగండ్లలో ఒక ఇంటికి మేము కాపలా. వెనక గదిలో నేనూ మా ఆయనా ఉంటాం. ఆ గల్లీకి డ్రైనేజీ లైను ఇంకా రాలేదు, సెప్టిక్ ట్యాంకే దిక్కు. అది నిండి బాత్రూముల్లోకి ఎగదన్నింది. ఇంటివాళ్లు ఊళ్లో లేరు. మురుగు లాగే ట్యాంకర్ డ్రైవర్‌కు ఫోన్ చేస్తే పొద్దున్నే వస్తానన్నాడు. రాత్రికి మూత తీసిపెడితే గ్యాస్ పోతుందన్నాడు. ఎవరూ దిగొద్దని గోడ మీద బొగ్గుతో పెద్దగా రాశాను. చీకట్లో ఎవరూ పడకుండా పక్కనే మంచం వేసుకుని కూర్చున్నాను.

మా ఆయన ఒకప్పుడు ఈ పనే చేసేవాడు. ఆయన జతగాడు ఇట్లాంటి ట్యాంకులోకే దిగి, గ్యాస్‌కు ఊపిరాడక చనిపోయాడు. ఆ రోజుతో ఈయన ఆ పని మానేశాడు.

ఒంటిగంట దాటింది. ఆఫీసు క్యాబ్ ఒకటి పోయింది. తర్వాత... కుక్కలు కూడా ఊరుకున్నాయి.

"అన్నా..."

కింది నుంచి. అరుపు కాదు. పక్కింటివాడు అగ్గిపెట్టె అడిగినంత మెల్లగా.

"అన్నా... జర చెయ్యియ్యి."

టార్చి వేశాను. నల్లటి నీళ్లు. ఒక్క బుడగ లేదు. మనిషి లేడు. మా ఆయన లేచి వచ్చాడు, ఆయనకూ వినబడింది. ఎవడో పడ్డాడన్నాడు. నేను ఫైరోళ్లకు ఫోన్ చేశాను. ఆయన తాడు తెచ్చి లోపలికి వదిలాడు. తాడు చివర నీళ్లలో మునగడం నా కళ్లతో చూశాను. పైకి లాగి వేళ్లతో తడిమాను...

పొడిగా ఉంది.

"అందలే అన్నా... జర కిందికి రా."

మా ఆయన అంగీ విప్పాడు.

"జరుగు సత్తెమ్మా. మనిషి పిలుస్తుండు."

"మనిషైతే ఫైరోళ్లు తీస్తరు. నువ్వు దిగితే ఇద్దర్ని తియ్యాలె."

"ఆళ్లు వచ్చేదాంక బతుకుతడా?"

ఆయన కాళ్లు లోపల పెట్టాడు. చంకల కింద చేతులు వేసి వెనక్కి గుంజాను. ఇద్దరం పడ్డాం. ఆయన లేచేలోపు ఇనుప మూత ఈడ్చి వేసి, దాని మీద కూర్చున్నాను. తిట్టాడు. గుంజాడు. బతిమాలాడు. నేను కదల్లేదు.

మూత కింద... గోటితో గీకినట్టు. ఒకసారి. ఆగి... ఇంకోసారి. నా ఒంటికి తెలుస్తోంది.

ఫైరోళ్లు వచ్చాకే లేచాను. మాస్కులు పెట్టుకుని కొక్కాలతో మొత్తం వెతికారు. ఎవరూ లేరు. పొద్దున ట్యాంకర్ అంతా లాగేస్తే అడుగు సిమెంటు కనబడింది. ఎవరూ లేరు.

ఐదో రోజు మా ఆయన ఒక్క మాట అడిగాడు.

"మూత ఎందుకేసినవే?"

అందుకే, ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవాలని తిరిగాను. మాదాపూర్, బోరబండ... కూలీలు నిలబడే ప్రతి అడ్డా దగ్గర అడిగాను, ఎవరన్నా తప్పిపోయారా అని. బోరబండలో ఒకామె నా చెయ్యి పట్టుకుంది. ఆమె మరిది నెల నుంచి ఇంటికి రాలేదట.

"ఎట్లుంటడక్కా, నువ్వు చూసినోడు?"

నేను చూడలేదు. గొంతు విన్నాను, అంతే.

"మెల్లగ మాట్లాడతడా?" అని అడిగాను.

ఆమె ఏడ్చింది. అవునని ఏడ్చిందో, కాదని ఏడ్చిందో... నాకు ఇప్పటికీ తెలియదు.