కొండేపు, బస్టాండేపు

మా మావగారు పోయారని మావారు ఫోన్ చేసేటప్పటికి నేను తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. "నాన్నగారు లేరు, వచ్చెయ్యి" అన్నారు, అంతే. చేతిలోని సుద్దముక్కని బల్ల మీద పెట్టబోయి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. మా బడి ఉన్న గొలుగొండ రోడ్డులో షేరాటో నిండితే గాని కదలదు. ఆ రోజూ నిండేదాకా కదల్లేదు. అందులో కూర్చున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు. మా వరండాలో ఇంకాస్త పని మిగిలిపోయిన సైకిలు చక్రం. చెప్పుకుంటే బాగుండదు గాని, నిజం అదే.

ఆయన రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నర్సీపట్నంలో ఆ వయసువాళ్ళు పేపరు చదువుతారు, లేదా బీపీ గురించి మాట్లాడుకుంటారు. ఈయన సైకిలు చక్రాలు కట్టేవారు. మధ్యలో తిరిగే హబ్బు, చుట్టూ ఉండే రిమ్ము, రెంటినీ కలిపే స్పోకులు విడివిడిగా తెచ్చుకుని వరండాలో సొంతంగా అల్లుకునేవారు. షాపులో రెడీగా దొరుకుతాయి కదండీ అంటే, "అది మిషను బిగించిందమ్మా. దానికి నీ బరువు తెలుసా, మన రోడ్డు తెలుసా?" అనేవారు. నా బరువు ఊసు ఎందుకొచ్చిందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఆ పని ఆగిపోయింది. ఆయన మాటలూ తగ్గాయి. ఒక సాయంత్రం నేను ఆటోల మీద విసుక్కుంటూ, కాలేజీ రోజుల్లోలాగ సైకిలు మీద వెళ్ళిపోతే పోయేది అన్నాను. అటక మీద మావారి పాత సైకిలు ఉంది. దాని వెనక చక్రం తుప్పుపట్టి పోయింది. "ఆ చక్రం మనం కడదాం. చెయ్యి నీది, కన్ను నాది. దాని మీద నువ్వు బడికెల్తే నేను గేటు కాడ నిలబడి సూడాల" అన్నారు మావగారు. అంత పొడుగు మాట ఆయన నోట విని నెలలైంది. అందుకే ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక మొదటి తప్పు నాదే. ట్రైనింగుకని వైజాగ్ వెళ్ళి, తళతళలాడుతున్నాయి కదాని స్పోకులు కొనేసుకొచ్చాను. ఆయన ఒకటి తీసి చూసి నవ్వారు. "మనిషిని సూడకుండా జాకెట్టు కుట్టించేసేవేటమ్మా?" స్పోకు పొడవు హబ్బుని బట్టీ రిమ్ముని బట్టీ ఉంటుందట. అవి రెండూ కుదిరాకే స్పోకులు కొనాలట. రిమ్ముకి ఎన్ని చిల్లులో హబ్బుకీ అన్నే ఉండాలట. లెక్కల టీచర్ని, నాకు ఇది తట్టలేదు.

ఆ తర్వాత ఆయన్ని వెంటబెట్టుకునే వెళ్ళాను. షాపులో రిమ్ముని గచ్చు మీద పడుకోబెట్టి, ఎడమచేత్తో అంచులు నొక్కి చూశారు, ఎక్కడైనా లేస్తుందేమోనని. స్పోకులు బిగించే కీ దగ్గర మాత్రం షాపతన్ని విసిగించేశారు. కీ వదులుగా ఉంటే స్పోకు చివర మర అంచులు అరిగిపోతాయి, ఇంకోటి తీయండి, ఇంకోటి. హబ్బునైతే ఎడమచేతిలో పట్టుకుని, ఇరుసుని నా చేత తిప్పించి, చెవి దగ్గర పెట్టుకున్నారు. "మంచి హబ్బు బేగి ఆగకూడదమ్మా" అని, తొందరగా ఆగిపోయినవన్నీ పక్కన పెట్టించేశారు.

మావగారి ఎదురుగా పీట వేసుకుని కూర్చోవడానికి మొదట్లో మొహమాటపడ్డాను. ఆయన దగ్గరున్న వేరే పాత సైకిలు ఫోర్కుని, అంటే చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ కడ్డీని, తలకిందులుగా బల్లకి బిగించి, అందులో చక్రం పెట్టాం. ఆయన అటు కుర్చీలో, నేను ఇటు పీట మీద, మధ్యలో చక్రం. చక్రం వంకర సరిచేయడాన్ని బెండు తీయడం అంటారు. పక్కింటావిడ ప్రహరీ మీంచి "ఏటి సేస్తన్నారండీ మావా కోడలూ?" అంటే, ఈయన "నా కోడలు నా బెండు తీస్తందమ్మా" అనేవారు. ఆవిడకి ఎన్నిసార్లు విన్నా నవ్వే.

అసలు గొడవ అక్కడే వచ్చింది. రిమ్ము ఎటు లాగితే దానికి రెండో పక్క స్పోకు బిగించాలి. ఆయన "కుడిపక్కది బిగించు" అంటే నేను నా కుడిపక్కది బిగించేదాన్ని. ఎదురెదురుగా కూర్చున్నాం కదా, ఆయన కుడి నా ఎడమ. బెండు పోవడం మాని పెరిగేది. ఒకరోజు ఇద్దరికీ చిరాకెత్తిపోయింది. అప్పుడాయన తలెత్తి చూశారు. మా వరండాకి ఒక వైపు కొండ కనిపిస్తుంది, రెండో వైపు బస్టాండుకెళ్ళే రోడ్డు. "ఇక మీదట కుడీ లేదు, ఎడమా లేదు. కొండేపు, బస్టాండేపు" అన్నారు. ఆ రోజు నుంచి మాకు తేడా రాలేదు. "కొండేపు లాగతంది, బస్టాండేపుది కొంచెం బిగించు." బయటివాళ్ళు వింటే ఏ బస్సు గురించో అనుకుంటారు. మేం సంతోషంగా ఉన్నాం. నేనైతే చాలా సంతోషంగా ఉన్నాను.

చివరి బెండు కాస్త మిగిలుండగా ఆయన పోయారు. గేటు దగ్గర నిలబడడం కుదరనే లేదు.

పెద్దకార్యం అయ్యాక చక్రాన్ని బస్టాండు పక్కనున్న సైకిలు షాపుకి పట్టుకెళ్ళాను. "కొంచెమే ఉందండీ, బస్టాండేపు స్పోకులు బిగిస్తే పోతుంది" అన్నాను.

అతను చక్రాన్నీ నన్నూ చూశాడు. "మేడంగారూ, మనం బస్టాండ్లోనే ఉన్నాం కదండీ. ఏ పక్కండి?"

కొండ కోసం అటూ ఇటూ చూశాను. చక్రం తీసుకుని ఇంటికొచ్చేశాను.

దాన్ని మళ్ళీ ఫోర్కులో పెట్టి, ఈసారి ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఇటునుంచి చూస్తే కొండ ఎడమచేతి వైపుంది. చక్రానికి అవతల నా పీట ఖాళీగా కనిపించింది. బ్యాగులో ఉండిపోయిన సుద్దముక్కని రిమ్ముకి కొండ వైపు కాస్త ఎడంగా పట్టుకుని చక్రం తిప్పాను. ఒక్కచోట గీత పడింది. "కొండేపు లాగతంది" అన్నాను, పైకే. లేచి అటు వెళ్ళి పీట మీద కూర్చుని బస్టాండేపుది కొంచెం బిగించాను. మళ్ళీ కుర్చీలోకొచ్చి చూశాను. మావారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

ఇంకోసారి తిప్పాను. సుద్ద ఎక్కడా తగల్లేదు. ఇక లేచిపోవచ్చు గాని, చక్రం ఆగేదాకా ఉందామనుకున్నాను. హబ్బు ఆయన ఎంచింది. బేగి ఆగలేదు.