మా మామ పేర్లు పెట్టిన చెట్లు

పోయిన నెలలో ఒక కాలేజీ లెక్చరరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మా మేనమామ మీద చిన్న పుస్తకం వేస్తున్నామని, ఆయన ఫోటో ఒకటి కావాలని అడిగాడు. మాట్లాడినంతసేపూ ఆయన్ని పర్యావరణ తాత్వికుడు అన్నాడు. వింటుంటే నవ్వొచ్చింది. ఆ మనిషి బతికున్న రోజుల్లో ఉదయగిరిలో ఆయనకున్న పేరు చెట్ల పిచ్చోడు. ఫోటో ఇచ్చాను, ఆయన పనిచేసిన బడి సంగతులు నాలుగు చెప్పాను, కాఫీ ఇచ్చి పంపేశాను. ఆ లెక్చరరుకి చెప్పనిది మీకు చెబుతున్నాను, మీరు నా వయసు వాళ్ళు కనక, ఆ రోజుల్లో మన ఇళ్ళు ఎలా ఉండేవో మీకు విప్పి చెప్పనక్కర్లేదు కనక.

డెబ్బైలలో మామ ఉదయగిరి హైస్కూల్లో సైన్సు అయ్యవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం వస్తే చద్దన్నం మూట కట్టుకుని కొండెక్కేవాడు. అందరూ కోట చూడ్డానికి ఎక్కితే, ఆయన కోట దాటి వెనక కోనల్లోకి దిగేవాడు, అక్కడ ఊటల పక్కన ఎవరి కంటా పడకుండా బతుకుతున్న పెద్ద చెట్ల కోసం. ఆ కోనలకి దారి చూపింది చిచ్చా. చిచ్చా అని మేము పిలిచే ఆ సాయిబు ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కి బతికేవాడు. కొమ్మ తప్ప మాను ముట్టడు, ఆకు రాలిన కాలంలో తప్ప కత్తి పెట్టడు, కోసిన కొమ్మలోంచి మొదటి చెక్కపేడు ఆ చెట్టు మొదట్లోనే వదిలి వస్తాడు. అదెందుకని మామ అడిగితే, "మా అబ్బా వదిలినాడు, నేనూ వదులుతుండా. ఏంది అయ్యోరూ, దీనిక్కూడా సైన్సు ఉండాదా?" అని నవ్వాడట. మామ వారం రోజులు ఆ పేడు గురించే రాసుకున్నాడు.

ఆయన ఆలోచనలు అలాగే పుట్టేవి, చిన్నదాని మీద నుంచి. వాన మన కోసం కురవదు, వాన పోయే దారిలో మనం ఇళ్ళు కట్టుకున్నాం, అంతే అనేవాడు. కొండ నాది అనుకునేవాడు రెండు తరాల్లో దాన్ని తినేస్తాడు, నేను కొండ వాణ్ణి అనుకునేవాడు ఎన్ని తరాలైనా దాని పక్కన బతుకుతాడు అనేవాడు. అన్నిటికంటే ఆయన గట్టిగా నమ్మింది పేరుని. కట్టె అన్నదాన్ని నరకడానికి ఎవరూ వెనకాడరు, పేరు పెట్టి పిలిచిన ఎద్దుని సంతకి తోలేముందు మాత్రం ఎంతటివాడైనా ఒక్క ఘడియ ఆగుతాడు, కాబట్టి కొండ మీది ప్రతి పెద్ద చెట్టుకీ ఒక పేరుంటే దాని మీద గొడ్డలి లేవదు, ఇదీ ఆయన సిద్ధాంతం. అలా ఊట మీదికి ఒరిగిన నర్ది చెట్టు చెవిటి అవ్వ అయింది, బండని చీల్చుకుని లేచిన దేవదారి మొండి మరిది అయింది. ఆరేళ్ళు తిరిగి, ఒక్కొక్క చెట్టు పేరూ, గుణం, అక్కడికి ఏ బండ పక్కగా ఎటు తిరిగి పోవాలో అన్నీ రాసుకున్నాడు.

ఊరు ఆయన్ని వదల్లేదు. బళ్ళో పిల్లలు ఆయన సైకిలు సీటుకి వేపమండ కట్టి దణ్ణాలు పెట్టేవాళ్ళు. ఆత్మకూరులో మా ఇంటికొస్తే మా నాయన ఇంకో ఆకు ఎక్కువే చదివేవాడు. నాయనకి కలిగిరి వైపు పొగాకు పొలాలు, ఇంటినిండా వచ్చేపోయే రాజకీయపు జనం. అంతమందిలో భోజనాల దగ్గర అమ్మతో, "మీ తమ్ముడికి సమ్మంధం చూసినానే, చింతచెట్టు. నోరులేని పిల్ల, బాగా సర్దుకుపోతాది" అనేవాడు. పంక్తంతా నవ్వేది, మామా నవ్వేవాడు. తలుపు చాటునుంచి నేనూ నవ్వేదాన్ని, నవ్వకపోతే నాయన చూస్తాడేమోనని.

నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. ఇంటర్మీడియట్ తర్వాత చదువు మాన్పించారు. నలుగురిలో నోరు పెగిలేది కాదు, బియ్యం డ్రమ్ము వెనక దాచుకున్న డైరీలో మాత్రం పేజీలు పేజీలు రాసేదాన్ని. నా రాత బాగుంటుందని తెలిసింది మామ ఒక్కడికే. ఉదయగిరి బస్సు కండక్టరు చేతికి తన చిత్తు కాగితాలు ఇచ్చి పంపేవాడు, నేను శుద్ధప్రతి రాసి అదే బస్సులో తిప్పి పంపేదాన్ని. చెట్ల పుస్తకం కూడా అలాగే వచ్చింది, రెండు ప్రతులు రాయమన్నాడు, ఒకటి తనకి, ఒకటి నెల్లూరులో అడవుల ఆఫీసరుకి, ఈ చెట్లకి పేర్లున్నాయి, వీటిని కాపాడండి అని. నేను తలుపులు వేసుకుని నలభై రోజులు రాశాను. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు వేరే లేవు.

రెండో ప్రతి ముగిసిన సాయంత్రం నాయన గదిలోకి వచ్చి పుస్తకం తిరగేశాడు. "ఈ రాత నీదేనా? ముత్యాలు గదమ్మా! ఇన్నాళ్ళూ మాకు చెప్పకుండా దాచినావే. ఇయ్యి, రెండు రోజుల్లో చదివి ఇస్తా" అన్నాడు. ఇరవయ్యేళ్ళలో నా గురించి ఆయన అన్న మొదటి మంచి మాట అది. నేను రెండు చేతులా అందించాను. వారం దాటినా పుస్తకం రాలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. చిత్తు కాగితాలు ముందేసుకుని మామకి మూడో ప్రతి రాసి, మిగిలిన ప్రతితో కలిపి ఏమీ జరగనట్టే బస్సులో పంపేశాను.

ఆ ఏడు నాయన పొగాకు ఆరబెట్టే బేరన్లు కొత్తగా రెండు కట్టించాడు. అవి పగలూ రాత్రీ కట్టెలు తింటాయి. ఉదయగిరి దారిలో ఉన్న దుత్తలూరు వైపునుంచి కట్టెల లారీలు వస్తున్నాయని ఇంట్లో అనుకుంటుంటే విన్నాను, అవి ఎక్కడి కట్టెలో అడగలేదు.

బడి పరీక్షల పనిలో ఆదివారాలు తప్పిపోయి, చాలా వారాల తర్వాత మామ కొండెక్కాడు. చెవిటి అవ్వ లేదు. మొండి మరిది లేడు. పుస్తకంలో నేను రాసిన వరసలోనే, ఒకదాని తర్వాత ఒకటి, మొదళ్ళు మాత్రం మిగిలున్నాయి. ఆఫీసరు ప్రతి ఆయన ఇంకా పంపనేలేదు, కోనల దారి తెలిసినవాళ్ళు ముగ్గురే, ఆయన, చిచ్చా, కాగితం మీద నేను. నన్ను ఆయన తలపులోకే రానివ్వలేదు.

మర్నాడు మా ఇంటికొచ్చి వసారాలో కూర్చుని, "రాయి తల్లీ, నీ రాతయితే ఆఫీసరు చదువుతాడు" అన్నాడు. అది చిచ్చా మీద అర్జీ. నాయన పడకకుర్చీలో పేపరు చదువుతూ, "రాయించురా, గట్టిగా రాయించు, ఇట్టాంటోళ్ళని వదలకూడదు" అన్నాడు. చిచ్చా పేరు రాయాల్సిన చోట నా కలం ఆగిపోయింది. నాయన పేపరు మీదుగా నా వంక చూశాడు. "ఆపినావేందమ్మా, సిరా అయిపోయిందా?"

"లేదు నాయనా" అన్నాను. ఆ రోజంతటికీ నేను మాట్లాడింది ఆ రెండు మాటలే. చిచ్చా పేరు చక్కగా, గుండ్రంగా రాశాను.

అడవి గార్డులు వచ్చి చిచ్చా కత్తులూ ఉలులూ పట్టుకుపోయారు, సగం చెక్కిన గరిటెలు వీధిలో కుప్ప పోసి తగలబెట్టారు, రెండు రోజులు ఆయన్ని వాళ్ళ ఆఫీసులో కూర్చోబెట్టి పంపారు. ఆ మంట ముందు నిలబడి మామ అందరూ వినేట్టు, "ఎంతకి అమ్ముకున్నావు భాయ్, మన చెట్లని?" అని అడిగాడట. చిచ్చా గార్డుల వెంట నడిచిపోయాడు. కొన్నాళ్ళకి పెళ్ళాం బిడ్డలతో సంగం ఊరికి పోయి, కాలవ కింద వరిమళ్ళలో కూలిపనికి కుదిరాడు. జన్మలో మడిలో కాలు పెట్టని మనిషి.

మామ మళ్ళీ కొండెక్కలేదు, ఒక్క అక్షరం రాయలేదు. ఒకసారి మాత్రం, నేను అన్నం పెడుతుంటే, తనలో తాను అనుకుంటున్నట్టు, "పేరు పెడితే ఆగుతారనుకున్నానమ్మా, పేరు పెట్టడమంటే దారి చూపియ్యడమని తెలవలా" అన్నాడు. చెప్పడానికి అదే సమయం. నేను ఇంకొంచెం పులుసు పోశాను. ఆ తర్వాత అయిదారేళ్ళకే కామెర్లతో పోయాడు.

చావు రోజు సంగం నుంచి చిచ్చా వచ్చాడు. వాకిట్లోకి రాకుండా దూరంగా నిలబడి ఉంటే నేనే మంచినీళ్ళు తీసుకుపోయాను. తాగలేదు. నెమ్మదిగా, మామూలు సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. "కట్టెల లారీ మేస్త్రీ చేతిలో పుస్తకం చూసినాను. గార్డు నా మొహాన పట్టిన అర్జీ చూసినాను. నాకు తెలుగు చదవడం రాదమ్మా. గరిటె చూసి చెక్కిన చెయ్యి ఎవరిదో చెప్పేవాణ్ణి, రాసిన చెయ్యి తెలవదా?"

గ్లాసు నా చేతిలో ఉంది. మామకి ఎందుకు చెప్పలేదని నేను అడగకముందే ఆయనే అన్నాడు. "చెప్తే అయ్యోరికి ఇంకెవురుండారు? నేను పోయినా నువ్వుంటివి. అందుకని ఊరుకున్నా. నిన్ను మాఫ్ చేసినాననుకోబాక."

పైగుడ్డ దులిపి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచిపోయాడు. మళ్ళీ ఆయన్ని చూడలేదు.

ఇప్పుడు ఉదయగిరి పోతే కొండ పచ్చగానే కనిపిస్తుంది, అదంతా ముళ్ళకంప అని దగ్గరికెళ్తే గాని తెలియదు. చెట్లు కొట్టకండని గోడల మీద పెద్ద అక్షరాలతో రాస్తున్నారు. నాయన పోయాడు, బేరన్లు కూలిపోయాయి, నన్ను ప్రశ్నించేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మన కాలంలో నోరు మెదపని ఆడపిల్లని బంగారమని మెచ్చుకునేవాళ్ళు, నన్నూ అలాగే మెచ్చుకున్నారు, ఆ మెప్పుతోనే పెళ్ళయి వెళ్ళాను. ఈ కాలం పిల్లలు పెద్దల మొహం మీదే కాదు అనేస్తున్నారని, మర్యాద పోయిందని, మన వయసు వాళ్ళం కూర్చున్న చోటల్లా నొచ్చుకుంటూ ఉంటాం. మొన్న మా మనవరాలు భోజనాల దగ్గర, నిండు పంక్తిలో, వాళ్ళ నాన్నతో, నువ్వు చెప్పేది అబద్ధం అంది. అందరూ కసిరారు. నేను మాత్రం ఆ పిల్ల మొహంలోకి చూస్తూ, ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని అన్నం చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను.