జమ్ము కోసిన రోజు

పల్నాడు కొత్త జిల్లాగా ఏర్పడిన ఏడాది వేసవిలో నరసరావుపేటలో ప్రోగ్రాం ఆఫీసరుగా చేరాను. చెరువులనూ వాగులనూ కాపాడుకునే ఊళ్లకు ఒక దాతృత్వ సంస్థ ఇచ్చే నిధులు సరిగా ఖర్చవుతున్నాయో లేదో చూడటం నా పని. హోదా పెద్దదే, నా కింద పనిచేసింది మాత్రం ఒక్క మోటారు సైకిలే. ప్రాజెక్టు గడువు ముగియడంతో ముప్ఫై ఏళ్లకే రిటైరయ్యాను. పింఛను లేదు కాబట్టి జ్ఞాపకాలతో సరిపెట్టుకుంటున్నాను.

బెల్లంకొండ దగ్గర ఒక ఊళ్లో రెండు మురుగుకాలువలు చెరువులో కలుస్తాయి. ఏటా ఎండాకాలం చేపలు చచ్చి తేలేవి. మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు కోటయ్య అడిగితే, మొదటి కాలువ చివర జమ్ము మడి వేయించాం. మురుగు ఆ మొక్కల వేళ్ల మధ్య నెమ్మదిగా పారి, మడ్డిని అక్కడే వదిలి చెరువులోకి వెళ్తుంది. మా భాషలో దీన్ని ఇన్నోవేషన్ అంటారు. రెండో కాలువకూ మడి కావాలంటే రెండో విడత నిధులు రావాలి. సంస్థ కమిటీ వచ్చి, మొదటి మడి పనిచేస్తోందని ఒప్పుకుంటేనే విడుదల చేస్తుంది. లేకపోతే ఫైలు మూసేస్తారు. మూసిన ఫైలు మళ్లీ తెరిచిన దాఖలా మా ఆఫీసులో లేదు.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే వెళ్లాను. మడి లేదు. మనిషెత్తు జమ్మును మొదళ్ల దాకా కోసేశారు. గట్టు పొడవునా బ్లీచింగ్ పౌడరు గీత. సర్పంచి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"పెద్దోళ్లొచ్చేసరికి అడివిలాగుంటే ఏం బాగుంటది సారూ? నిన్ననే కోయించా. చానా నీటుగా లేదూ?"

"నీటుగానే ఉంది బావా," అన్నాడు కోటయ్య. "మా సంఘం గూడా నీటుగా పోద్ది. అది గడ్డి గాదయ్యా, వడపోత!"

ఊరంతా స్నానాలు, అంట్లు మొదలుపెట్టే వేళ. నల్లటి నీరు ఖాళీ మడిమీదుగా నేరుగా చెరువులో పడుతోంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నా నోరూ అలాగే ఉంది. కమిటీ కారు సత్తెనపల్లి దాటిందని ఫోను వచ్చింది.

వేరే దారి లేక ఇసుక బస్తాలతో కాలువకు అడ్డుకట్ట వేయించాం. ఆ కాలువ మురుగు చెరువులో పడటం ఆగింది. కానీ అదీ ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. వెనక్కి తన్ని వీధిలోకి ఎక్కింది. ఆ వీధి సర్పంచిది.

కారు సరిగ్గా అక్కడే ఆగింది. కమిటీ అధ్యక్షురాలు, ఒకప్పటి నీటిపారుదల ఇంజినీరు, చెప్పులు చేత్తో పట్టుకుని దిగారు. నేను మూడు రకాల సంజాయిషీలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ వాడనివ్వలేదు కోటయ్య.

"మీరొస్తన్నారనే కోసేశారమ్మా. ఈ మురుగు రోజూ వచ్చేదే. మడి ఉన్నన్నాళ్లూ దీన్ని వడకట్టి చెరువులోకి వదిలేది."

అరుగు మీంచి సర్పంచి భార్య అందుకుంది. "ఏమయ్యో, నీటుగా జేయించావుగా! ఈ వాకిలి ఎవురు గడుగుతారు?"

అధ్యక్షురాలు నవ్వలేదు. వంగి జమ్ము మొదళ్లు చూశారు. వేళ్లు పీకలేదు కాబట్టి మళ్లీ చిగురిస్తుందన్నారు. ఫైలు మూయలేదు, డబ్బూ ఇవ్వలేదు. జమ్ము నడుమెత్తు పెరిగిన ఫొటో పంపితే రెండో విడత ఇస్తామన్నారు.

అప్పటిదాకా బస్తాల మధ్య సందు వదిలి, మురుగును సగం చెరువుకూ సగం వీధికీ పంచాం. ఆ రోజుల్లో నాకు కలలో కూడా జమ్మే; అదీ మోకాలు దాటేది కాదు. గేదెలు జమ్ము మేయకుండా సర్పంచి సొంత ఖర్చుతో కాపలా పెట్టాడు. వానాకాలం చివర్లో ఫొటో వెళ్లింది, విడత వచ్చింది.

ఆ తర్వాత ప్రతి ప్రతిపాదనలోనూ, ప్రాజెక్టుకు రాగల ప్రమాదాలు రాసేచోట కరువు, వరదల తర్వాత అతిథుల రాకను కూడా చేర్చాను. తనిఖీ తేదీ ముందుగా చెప్పడం మానేశాను. నాకోసం ఎవరూ కొబ్బరిబొండాలు కొట్టి ఉంచలేదు. జమ్మును మాత్రం ఉన్నదున్నట్టుగా చూడగలిగాను.